గోడలో పడి ఉన్న తీగ

ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి ఫైలు పంపడానికి నెలనెలా ఇంటర్నెట్ కంపెనీకి అదనంగా కట్టాల్సిన పనిలేదు. శాన్ రామన్‌లోని చాలా ఇళ్లలో ఆ దారి ఇల్లు కట్టినప్పుడే వేసేశారు. వాడుకోవడమే మిగిలింది.

1983 జూన్ నెలాఖరులో ఐ ట్రిపుల్ ఈ సంస్థ కంప్యూటర్లను తీగతో కలిపే ఈథర్‌నెట్‌ను ప్రమాణంగా ఆమోదించింది. వారం తిరిగేసరికి, జులై 1న, కాలిఫోర్నియాలోని కాంట్రా కోస్టా కౌంటీలో శాన్ రామన్ నగరంగా అవతరించింది. ఆ రెండూ అలా కలిసిరావడం కాకతాళీయమే. కానీ ఆ తర్వాత నలభై ఏళ్లలో ఈ ఊరు పెరిగిన తీరంతా తీగలతో ముడిపడి ఉంది. అంతకు పదేళ్ల ముందు, 1973లో, శాన్ ఫ్రాన్సిస్కో బే అవతల పాలో ఆల్టోలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ ఆలోచనను కాగితం మీద పెట్టారు. ఇవతల ఒకప్పుడు పండ్లతోటలున్న బిషప్ రాంచ్‌లో ఆఫీసు భవనాలు లేచాయి. 1980లలో టెలిఫోన్ కంపెనీ పసిఫిక్ బెల్ తన భారీ కార్యాలయాన్ని అక్కడే కట్టుకుంది. 1990ల చివర నుంచి తూర్పు కొండల నడుమ డౌర్టీ వ్యాలీలో వేల ఇళ్లు వెలిశాయి. బే ఏరియా సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్న తెలుగు కుటుంబాలు మంచి బడుల కోసం వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన చోట్లలో ఇదొకటి. పగలంతా ఆఫీసులో సర్వర్లతో, నెట్‌వర్కులతో పనిచేసేవాళ్లు ఈ వీధుల్లో కోకొల్లలు. డేటా సెంటర్‌లో ఒక్క సర్వర్‌నైనా వైఫైకి తగిలిస్తామంటే వాళ్లు నవ్వేస్తారు. అదే ఇంటికొచ్చేసరికి టీవీ నుంచి డెస్క్‌టాప్ దాకా సమస్తాన్నీ ఓ మూలనున్న రౌటర్ గాలికి వదిలేస్తారు. ఆనక వేగం చాలడంలేదని ఇంటర్నెట్ ప్లాన్ పెంచుకుంటారు. పొరపాటు అక్కడే జరుగుతోంది. ఇంట్లో ఫైళ్లు నత్తనడక నడవడానికి చాలాసార్లు వీధిలోంచి వచ్చే కనెక్షన్ కారణం కాదు. ఆటంకం గోడకు ఇవతలే ఉంది, మందు కూడా గోడలోనే ఉంది.

ముందు ఒక లెక్క వేసుకుందాం. అమ్మాయి కూచిపూడి రంగప్రవేశాన్ని రెండు ఐఫోన్లలో 4కే నాణ్యతతో, సెకనుకు 60 ఫ్రేముల చొప్పున తీశారనుకుందాం. ఆపిల్ చెప్పే లెక్క ప్రకారం ఆ నాణ్యతకు నిమిషానికి దాదాపు 400 మెగాబైట్లు పడుతుంది. మూడు గంటల కార్యక్రమానికి ఒక్కో ఫోన్‌లో 72 జీబీ, రెండూ కలిపి 144 జీబీ. దాన్ని ఇంట్లోని నిల్వ పెట్టెకు, అంటే నాస్‌కు, చేర్చాలి. మామూలు గిగాబిట్ తీగ మీద సెకనుకు 110 మెగాబైట్లు వాస్తవంగా నడుస్తాయి కాబట్టి 22 నిమిషాల్లో పని అయిపోతుంది. రెండు గదుల అవతల వైఫై సెకనుకు 200 మెగాబిట్లే ఇస్తుంటే, అంటే 25 మెగాబైట్లు, గంటన్నర దాటుతుంది. నాస్ కూడా వైఫై మీదే ఉంటే ప్రతి ముక్కా అదే గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి, ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కు ఒకసారి, రౌటర్ నుంచి నాస్‌కు మరోసారి. సమయం రెట్టింపై మూడు గంటలు మించుతుంది. ఈ లెక్కలో ఇంటర్నెట్ ప్లాన్ ఎక్కడా రాలేదన్నది గమనించాలి. ఇంట్లోని రెండు యంత్రాల మధ్య ఫైలు నడిచేటప్పుడు అది వీధి గుమ్మం దాటదు. గిగాబిట్ ప్లాన్ తీసేసి అయిదు గిగాబిట్ల ప్లాన్ పెట్టించినా ఆ మూడు గంటల్లో ఒక్క నిమిషం తగ్గదు.

వైఫై ఎందుకు ఇలా తగ్గిపోతుందో తెలియాలంటే ఈథర్‌నెట్ పుట్టుకనే చూడాలి. 1970ల ఆరంభంలో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య రేడియో ద్వారా కంప్యూటర్లను కలిపింది. దాని పేరు అలోహానెట్. అందరూ ఒకే గాలిని పంచుకోవాలి, ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ చెడతాయి, చెడితే కాసేపాగి మళ్లీ పంపాలి. మెట్‌కాఫ్ ఆ సూత్రాన్నే మెరుగుపరచి తీగలోకి తెచ్చారు. తొలి ఈథర్‌నెట్‌లోనూ అందరికీ కలిపి ఒకటే కేబుల్. ఆపైన తీగ తన పుట్టుకతో వచ్చిన ఆ పరిమితిని వదిలించుకుంది. 1990లో మెలివేసిన జంట తీగల ప్రమాణం వచ్చింది, తర్వాత స్విచ్‌లు వచ్చాయి. ఒక్కో యంత్రానికి ఒక్కో సొంత తీగ, అందులో రాకకూ పోకకూ ఒకేసారి పూర్తి వేగం. 1999లో వచ్చిన గిగాబిట్ ప్రమాణం ఆ దారిలోదే. వైఫై మాత్రం ఇప్పటికీ గాలిని పంచుకోక తప్పదు. ఒకరు మాట్లాడుతుంటే తక్కినవాళ్లు ఆగాలి. మీ ఇంటి ఫోన్లూ పక్కింటి రౌటరూ కూడా ఆ వరసలో ఉన్నట్టే. పెట్టె మీద అచ్చేసిన వేగానికీ చేతికందే వేగానికీ ఇంత తేడా రావడానికి మొదటి కారణం ఇది. రెండోది ఇంటి కట్టడం. కాలిఫోర్నియా ఇళ్ల బయటి గోడలకు స్టకో పూత పూస్తారు, ఆ పూత పట్టుకోవడానికి కింద ఇనుప జాలీ కొడతారు. లోపలి గోడలు జిప్సం పలకలే కాబట్టి సిగ్నల్ కొంత దాటుతుంది గానీ పెరటి గదికి వెళ్లాలంటే ఈ జాలీ అడ్డం.

సరే, తీగ మంచిదే, కానీ పూర్తయిన ఇంట్లో గోడలు పగలగొట్టించుకోవాలా అన్నది అందరికీ వచ్చే సందేహం. ఇక్కడే శాన్ రామన్ ఇళ్ల వయసు కలిసొస్తుంది. ఇళ్లలో కొత్తగా వేసే టెలిఫోన్ తీగ కనీసం కేటగిరీ 3 స్థాయిది కావాలని అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2000 జులై నుంచి నిబంధన పెట్టింది. ఆ రోజుల్లో చాలామంది బిల్డర్లు ఇంకో మెట్టు పైకెళ్లి ఫోన్ కోసమే గిగాబిట్‌ను మోయగల కేటగిరీ 5ఈ, అంటే క్యాట్ 5ఈ, తీగ లాగేశారు. డౌర్టీ వ్యాలీ నిర్మాణం ముమ్మరంగా సాగింది సరిగ్గా ఆ కాలంలోనే. ల్యాండ్‌లైన్ ఫోన్లు పోయాయి, పడకగదుల్లో ఫోన్ పలకలు మిగిలాయి. ఒక పలక మరలు విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. లోపల ఒక తీగ, దాని తొడుగు మీద సన్నని అక్షరాల్లో దాని కేటగిరీ అచ్చై ఉంటుంది. తొడుగులో నాలుగు జతలు. నీలం జత ఒక్కటే ఫోన్ సాకెట్‌కు తగిలించి ఉంటుంది. నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగు జతలను తొడుగు చుట్టూ చుట్టి వదిలేస్తారు. రెండో కొస గ్యారేజీలోనో, బట్టల అర గోడలోనో తెల్ల రేకు తలుపున్న పెట్టెలో ఉంటుంది. అక్కడ అన్ని గదుల తీగలూ ఒక ఫోన్ పట్టీకి కలిసి ఉంటాయి. ఆ తీగ మీద క్యాట్ 5ఈ అని కనిపించి, ప్రతి గది నుంచీ విడిగా ఆ పెట్టె దాకా వచ్చి ఉంటే, ఇల్లు కొన్న రోజే గిగాబిట్ నెట్‌వర్క్ కూడా వచ్చిందన్నమాట.

దాన్ని లేపడానికి కావాల్సింది చిన్న సరంజామా. ఫోన్ సాకెట్ తీసేసి ఈథర్‌నెట్ సాకెట్, తీగలను దాంట్లోకి దిగగొట్టే పంచ్‌డౌన్ పరికరం, తీగ పరీక్షించే టెస్టర్, గ్యారేజీ పెట్టెలో ఒక గిగాబిట్ స్విచ్. రెండు కొసల్లోనూ ఒకే రంగుల వరస పాటించాలి. అమెరికాలో ఎక్కువగా వాడే వరస తెల్లనారింజ, నారింజ, తెల్లఆకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. జతల మెలికను సాకెట్ అంచు దాకా విప్పకుండా ఉంచాలి, బయటి రేడియో అలజడిని తట్టుకునే శక్తి ఆ మెలికలోనే ఉంది. పని అయ్యాక కాపీ వేగం సెకనుకు 11, 12 మెగాబైట్ల దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోతే కారణం దాదాపుగా ఒకటే. నాలుగు జతల్లో ఒకటి సరిగా కూర్చోలేదు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. నీలం జతో గోధుమ జతో తెగితే యంత్రాలు మిగతా రెండు జతలతో నడిచే 100 మెగాబిట్ల పాత ప్రమాణానికి దిగిపోతాయి. అప్పుడు మన రంగప్రవేశం వీడియోకు మూడున్నర గంటలు పడుతుంది. తీగ వేసినా వేగం రాలేదని విసుక్కునేవాళ్లు చూడాల్సిన మొదటి చోటు అదే. ఇక కొన్ని ఇళ్లలో ఫోన్ తీగ ఒక గది నుంచి ఇంకో గదికి గొలుసుకట్టుగా వెళ్తుంది. పలక వెనక ఒకటికి బదులు రెండు తీగలు కనిపిస్తే అదే గుర్తు. అప్పుడు ఆ చోట ఒక చిన్న స్విచ్ పెట్టుకోవాలి.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. వైఫై 7 వచ్చేశాక ఈ తీగల గోల ఎందుకు అన్నది వాటిలో బలమైనది. 2024 జనవరిలో ధ్రువీకరణ మొదలైన ఈ తరం వైఫై నిజంగానే వేగవంతమైనది. ఎఫ్‌సీసీ 2020 ఏప్రిల్‌లో తెరిచిన 6 గిగాహెర్ట్జ్ పట్టీని అది వాడుకుంటుంది. రౌటర్ ఉన్న గదిలోనే కూర్చున్న కొత్త ల్యాప్‌టాప్ గిగాబిట్ తీగను దాటేయగలదు కూడా. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ పౌనఃపున్యం పెరిగేకొద్దీ గోడలు దాటే శక్తి తగ్గుతుంది. పై అంతస్తు చివరి గదిలో ఆ లాభం కరిగిపోతుంది. పూర్తి వెడల్పు ఛానెళ్లు ఆ పట్టీలో ఒకదానిమీద ఒకటి పడకుండా మూడే పడతాయి, ఇళ్లు ఆనుకుని ఉన్న వీధిలో ఆ మూడే అందరూ పంచుకోవాలి. ఈ బలహీనతను సరిచేయడానికి కంపెనీలు మెష్ పేరుతో ఇల్లంతా రెండు మూడు రౌటర్లు పెట్టమంటాయి. ఆ రౌటర్లు తమలో తాము మాట్లాడుకోవడానికీ గాలినే వాడితే ఫోన్లకు మిగిలే వాటా తగ్గుతుంది. చాలామంది తయారీదారులే, వీలైతే ఆ రౌటర్లను ఈథర్‌నెట్‌తో కలపమని సలహా ఇస్తారు. కాబట్టి మంచి వైఫై కావాలన్నా దాని వెనక తీగ ఉండాలి. కదలని యంత్రాలు, అంటే టీవీ, డెస్క్‌టాప్, నాస్, ప్రింటర్, తీగ మీదికి మారితే గాలి మొత్తం కదిలేవాటికి, ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ దక్కుతుంది.

రెండో అభ్యంతరం క్లౌడ్. అన్నీ అక్కడే పెట్టుకుంటుంటే ఇంట్లో నాస్ ఎందుకు, దానికి తీగ ఎందుకు? జవాబు అప్‌లోడ్ వేగంలో ఉంది. కేబుల్ టీవీ నుంచి వచ్చిన ఇంటర్నెట్‌లో పైకి పంపడానికి చాలాకాలం 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న సన్నని పట్టీనే కేటాయించారు, కిందికి రావడానికి అంతకు ఎన్నో రెట్లు. 2024 మార్చిలో ఎఫ్‌సీసీ బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనాన్ని పెంచినప్పుడు కూడా డౌన్‌లోడ్‌కు 100 మెగాబిట్లు పెట్టి, అప్‌లోడ్‌కు 20తో సరిపెట్టింది. ఆ 20 మెగాబిట్ల మీద 144 జీబీ పైకి పోవడానికి ఏకధాటిగా 16 గంటలు కావాలి. ఫైబర్ ఉన్నవాళ్లకు ఇంత బాధ లేదు, చాలావరకు రెండు వైపులా ఒకే వేగం వస్తుంది. కానీ ఎడిటింగ్‌కు కూర్చున్నప్పుడు అదే ఫైలు మళ్లీ కిందికి రావాలి, నెలనెలా నిల్వ అద్దె కట్టాలి. అలాగని క్లౌడ్ అక్కర్లేదనడం దుడుకుతనం. కాలవెరాస్ భూభ్రంశం శాన్ రామన్ లోయ గుండానే పోతుంది. 2015 శరదృతువులో ఇక్కడ వందల చిన్న కంపనాలు వరసగా వచ్చాయి. ఇంట్లో ఎన్ని డిస్కులున్నా అవన్నీ ఒకే కప్పు కిందివి. అందుకే పని జరిగే అసలు ఫైలు ఇంట్లో, తీగ మీద ఉండాలి. దాని నకలు రాత్రిపూట నెమ్మదిగా దూరానికి, క్లౌడ్‌కో హైదరాబాద్‌లోని అన్నయ్య ఇంటి నాస్‌కో, వెళ్తుండాలి. తొందర ఉన్న పనికి తీగ, తొందర లేని భద్రతకు ఇంటర్నెట్.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ల సంగతేమిటన్నది న్యాయమైన ప్రశ్న. బిషప్ రాంచ్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో గోడకు రంధ్రం పెట్టే హక్కు అద్దెకున్నవారికి ఉండదు. వాళ్లకు కేబుల్ టీవీ తీగ ఉంది. మోకా అనే ప్రమాణంతో ఆ కోయాక్స్ తీగ మీదే ఈథర్‌నెట్ నడపవచ్చు. దాని 2.5 వెర్షన్ పేరుకు తగ్గట్టు రెండున్నర గిగాబిట్ల దాకా ఇస్తుంది. రెండు చివరలా రెండు అడాప్టర్లు, మన సంకేతాలు పక్కింటికి పోకుండా కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట ఒక ఫిల్టర్, అంతే. కరెంటు తీగల మీద నడిచే పవర్‌లైన్ అడాప్టర్లు కూడా ఉన్నాయి గానీ వాటి వేగం ఇంటి వైరింగును బట్టి, ఏ మోటారు ఎప్పుడు తిరుగుతోందన్నదాన్ని బట్టి మారుతుంది. వాటిని ఆఖరి దారిగానే చూడాలి. అదీ ఇదీ కాకపోతే నాస్‌నూ ప్రధాన కంప్యూటర్‌నూ ఒకే గదిలో, ఒకే స్విచ్‌కు పెట్టుకున్నా సగం సమస్య తీరుతుంది.

ఇక దీనికి పూర్తిగా ఎదురుకొసన ఉన్న వాదన, తీగ వేసేదేదో పది గిగాబిట్లదే వేయొచ్చు కదా అని. ఇక్కడ గొలుసు బలం దాని బలహీనమైన కొక్కెమంతే. నాస్‌లో తిరిగే హార్డ్ డిస్క్ ఒక్కటి సెకనుకు సుమారు 200 మెగాబైట్లు ఇస్తుంది. గిగాబిట్ తీగ దాన్ని సగానికి ఆపేస్తుంది, రెండున్నర గిగాబిట్ల తీగ అడ్డుపడదు. పది గిగాబిట్ల తీగ వేస్తే ఎక్కువ భాగం ఖాళీగా ఉంటుంది. రెండు వైపులా వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలుంటేనే మన 144 జీబీ రెండు మూడు నిమిషాల్లో పోతుంది. పైగా రాగి మీద నడిచే పది గిగాబిట్ల పోర్టులు వేడెక్కుతాయి, వేసవిలో ఎండ కాగే గ్యారేజీలో అది చిన్న విషయం కాదు. 2016లో వచ్చిన రెండున్నర గిగాబిట్ల ప్రమాణాన్ని పాత క్యాట్ 5ఈ తీగ మీద వంద మీటర్ల దాకా నడిచేలా రూపొందించారు. అంటే ఇరవై ఏళ్ల నాటి గోడ తీగను ముట్టుకోకుండా, కొసల్లోని పెట్టెలు మారిస్తే రెండున్నర రెట్ల వేగం. తీగ పాతబడిపోతుందన్న భయానికి ఇంతకన్నా గట్టి జవాబు అక్కర్లేదు. వైఫై రౌటర్లు తరాలు మారేకొద్దీ చెత్తబుట్టకు చేరుతుంటే, గోడలోని తీగ మాత్రం తర్వాతి ప్రమాణాన్నీ మోసింది. గొలుసులో ఫోన్ కూడా ఒక కొక్కెమే. ఐఫోన్ 15 ప్రో కేబుల్ పోర్టు పది గిగాబిట్లది, మామూలు ఐఫోన్ 15ది 480 మెగాబిట్లే. ఒక్క పెద్ద వీడియో కన్నా అంతే బరువున్న వేల చిన్న ఫొటోలు నెమ్మదిగా పోవడం కూడా తీగ తప్పు కాదు, ఒక్కో ఫైలు తెరిచి మూసే పనికే సమయం పోతుంది.

కొత్తగా లాగాల్సి వస్తే మాత్రం క్యాట్ 6 లేదా 6ఏ తీసుకోవడం తెలివైన పని. క్యాట్ 6 మీద పది గిగాబిట్లు 55 మీటర్ల దాకా, 6ఏ మీద వంద మీటర్ల దాకా పోతాయి. ఖర్చులో పెద్ద వాటా కూలిది, తీగది కాదు. అందుకే చవకగా దొరికే రాగిపూత అల్యూమినియం తీగ జోలికి పోకూడదు. పైకి క్యాట్ 6 అని రాసి ఉన్నా అది ప్రమాణానికి సరితూగదు. గోడల్లో, అంతస్తుల మధ్య లాగేది అగ్నిభద్రత కోసం రైజర్ స్థాయి తొడుగున్న తీగ కావాలి, కరెంటు తీగలకు దూరంగా పోవాలి. మనిషిని పెట్టుకుంటే కాలిఫోర్నియాలో ఈ పనికి సీ-7 అనే తక్కువ వోల్టేజీ లైసెన్సు ఉందో లేదో అడగాలి. పెరట్లో విడిగా గది కట్టించి అమ్మానాన్నలు వచ్చినప్పుడు అందులో ఉంచే కుటుంబాలు పెరుగుతున్నాయి. స్టకో జాలీ దాటి అక్కడికి వైఫై సరిగా చేరదు కాబట్టి కాలువ తవ్వినప్పుడే కరెంటు గొట్టానికి విడిగా ఇంకో గొట్టం పూడ్పించాలి. అందులో రాగికి బదులు ఫైబర్ వేస్తే రెండు కట్టడాల ఎర్తింగ్ తేడాల వల్ల పరికరాలు పాడయ్యే బెడద ఉండదు.

ఈ తర్కం కాలిఫోర్నియా దాటి మన ఊళ్లకూ వర్తిస్తుంది, నిజానికి ఇంకా గట్టిగా వర్తిస్తుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఇళ్ల గోడలు ఇటుక, కాంక్రీటువి. జిప్సం పలక దాటినంత సులువుగా సిగ్నల్ వాటిని దాటదు. ఏపీ ఫైబర్‌నెట్, టీ-ఫైబర్ లాంటి పథకాలు, ప్రైవేటు కంపెనీలు ఫైబర్‌ను గుమ్మం దాకా తెస్తున్నాయి. గుమ్మం లోపల సంగతి ఇంటివాళ్లదే. స్లాబు వేసేటప్పుడు, ప్లాస్టరింగుకు ముందు గోడ కొట్టేటప్పుడు కరెంటు పైపుల పక్కనే ఇంకో ఖాళీ పైపు ప్రతి గదికీ వేయించుకోవడానికి అయ్యే ఖర్చు ఇంటి ఖర్చులో లెక్కకు రాదు. గృహప్రవేశం అయ్యాక అదే పని చేయాలంటే గోడ చెక్కాలి, రంగు మళ్లీ వేయాలి.

వేగం మీద ఖర్చుపెట్టాలనుకునే ఇంటికి వరస ఇలా ఉంటే మేలు. మొదట ఉన్న తీగను వెతకాలి, ఆ తర్వాత కదలని యంత్రాలను దానికి తగిలించాలి, వైఫై రౌటర్లనూ దాని మీదే నిలపాలి. అప్పటికీ నెమ్మదిగా ఉంటే డిస్కు చూడాలి. ఇంటర్నెట్ ప్లాన్ పెంచడం అన్నిటికన్నా చివర. మన దగ్గర ఈ వరస చాలాచోట్ల తలకిందులుగా నడుస్తోంది, ఎందుకంటే ప్లాన్ పెంచడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు, పలక విప్పడానికి స్క్రూడ్రైవర్ వెతకాలి. కాల్ చేస్తే పెరిగే బిల్లు నెలనెలా వస్తుంది. స్క్రూడ్రైవర్ ఖర్చు ఒక్కసారిదే.